చోదకుడు లేని కారు, కావలి లేని తూము



మనిషి నడపనక్కరలేక తనంత తాను నడచు కార్లను గూర్చి నేడు తరచుగా వినుచున్నాము. అట్టి వాహనములను పరీక్షించుటకై సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో 'తిహాన్' కేంద్రము 2022 జూలై 4న ప్రారంభమైనది. ఒకనాడు అవి మన బెజవాడ బెంజి సర్కిలునకును, బందరు కాలువ గట్టునకును రావచ్చును. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క వరిచేలు గల ఇరుకు దారిలో బండి ఎవరి ఆజ్ఞకు లోబడి నడచునన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇట్టి కారుకు దారి పటములు, కొత్త సాఫ్టువేరు, ప్రయాణికుని పాటలు ఇంటర్నెట్టు ద్వారా అందును. సమాచారము చిన్న పొట్లములుగా ప్రయాణించును. ప్రతి పొట్లముమీదను పంపినవాని చిరునామా, చేరవలసిన చిరునామా ఉండును. ఈ కట్టుబాటునకే ఇంటర్నెట్ ప్రోటోకాల్ అని పేరు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ దీనికి మారినప్పుడు దానిని వాడినవారు కొలదిమంది; ఒకరినొకరు నమ్మినవారు. పంపినవాని చిరునామా నిజమా యని విచారించు ఏర్పాటు అందు లేదు. పోస్టుకార్డుమీద ఎవరి పేరైనను వ్రాయవచ్చును గదా! ఇదిగాక, పొట్లములు లోనికి వచ్చుటకు పోర్టులను ద్వారములు కలవు. అవి మన కాలువల తూములవంటివి. తూము కడ లస్కరు లేనిచో నీరు ఎవరి చేనికి పారునో చెప్పలేము.

2015 జూలైలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను అమెరికా పరిశోధకులు, ఒక విలేకరి సమ్మతితో అతడు నడుపుచున్న జీప్ చెరోకీని మైళ్ళ దూరమున, ఇంట కూర్చుండియే లొంగదీసినారు. రహదారి నడుమ యాక్సిలరేటరు నొక్కినను బండి వేగము నందుకొనలేదు. వారు ప్రవేశించినది ఇంజను ద్వారమున గాదు. పాటలు వినిపించు రేడియో పెట్టె ద్వారమున! అందలి 6667వ పోర్టు సంకేతపదము అడుగకయే తెరచియుండెను. అక్కడినుండి బండి లోపలి తీగలమీదుగా ఆజ్ఞలు పంపినారు. ఆ తీగలమీద వచ్చిన ఆజ్ఞ ఎవరిదని అడుగు ఆచారము లేదు. ఫియట్ క్రిజ్లర్ కంపెనీ 14 లక్షల వాహనములను సరిచేయుటకై వెనుకకు పిలువవలసివచ్చినది. అది చోదకుడున్న బండి. చోదకుడే లేని బండి గతి యేమి?

ఈ సత్యము మనకు కొత్తది కాదు. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినది. అందరి చూపును కృష్ణమీదనే. సింగ్‌నగరును ముంచినది మాత్రము గండ్లుపడిన బుడమేరు. ముప్పు మనము కాచు గుమ్మముననే వచ్చునని నియమము లేదు.

కావున చేయవలసినవి మూడు. పాటల కాలువకును బ్రేకుల కాలువకును నడుమ గట్టి అడ్డుకట్ట వేయవలెను. అక్కరలేని పోర్టులను మూసివేయవలెను. ప్రతి ఆజ్ఞకును, ప్రతి కొత్త సాఫ్టువేరునకును, ఇతరులు అనుకరింపజాలని రహస్యముద్ర యుండవలెను. 2020 జూన్‌లో ఐక్యరాజ్యసమితి వేదికమీద ఆమోదింపబడిన 155వ నిబంధన, ఇట్టి రక్షణ బాధ్యతను తయారీదారులపైననే ఉంచినది.

కారు కొనువారు మైలేజి అడుగుదురు, రంగు అడుగుదురు. ఇకమీద మరియొక ప్రశ్న కూడ అడుగవలెనని మా మనవి: 'దీని తూములకు కావలి ఎవరు?'