డ్రైవరును మనమే కూర్చుకొందము
(అశోక్ చౌక్ సభలో చేసిన ప్రసంగము)



మన కుటుంబముల పట్టికను తెలుగు లిపిలోనే పోస్ట్‌గ్రెస్ డేటాబేసునందు భద్రపరచుచున్నాము. పైథాన్ ప్రోగ్రామునకును దానికిని నడుమ రాకపోకలు నడుపునది సైకాపిజి2 అను డ్రైవరు. సిద్ధముగా దొరకు ప్యాకేజీ తన లిబ్‌పిక్యూను తానే మోసికొని వచ్చును. మన సిస్టమునందు చేసిన భద్రతా సవరణ దానికి అంటదు. కావున నిత్యవ్యవహారమునకు సోర్సు కోడు నుండి కూర్చుకొనుటయే మేలు.

ఇందులకు సి కంపైలరు, పైథాన్, లిబ్‌పిక్యూల హెడరు ఫైళ్లు, పిజి_కాన్ఫిగ్ కావలెను. ఒక్కటి లోపించినను పడుగు లేని మగ్గమువలె పని నిలిచిపోవును. కూర్చినదానిని వీల్ ప్యాకేజీగా కట్టినచో, లిబ్‌పిక్యూ ఉన్న అదే రకపు కంప్యూటర్లలో మరల కంపైలరుతో పనిలేదు.

నూలుకు రంగు వేయువాడు పాళ్లు వ్రాసియుంచినట్లు, వెర్షన్లను, ఆజ్ఞలను వ్రాసియుంచవలెను. పని నేర్చిన యువకుడు పుణెకు తరలినను, మన పెద్దల పేర్లున్న పట్టిక మూతపడరాదు.