కంప్యూటరు చేయు మూడు పనులు : గ్రహించుట, చూపుట, దాచుట
(మహాసభయందలి యుపన్యాసము)



కంప్యూటరు అంగములనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మిరపచేలలోను ప్రత్తిచేలలోను కష్టించు పల్నాటి రైతునకును, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకడ పాటుపడు కూలివానికిని ఈ యంత్రముతో నేమి ప్రసక్తి యని కొందరు శంకింపవచ్చును. మనము దాని జోలికి పోకున్నను, అది మన యింటికి వచ్చియే యున్నది. 1998లో రిజిస్ట్రేషను కచేరీల పని కంప్యూటరుల కెక్కెను. 2015లో ‘మీభూమి’ వచ్చి అడంగలును, 1-బియును తెరమీద కనబడజొచ్చెను. ఆ సంవత్సరముననే చౌకధరల దుకాణములలో వేలిముద్ర యంత్రములు వెలసెను. పొలమును, బియ్యమును, బిడ్డల చదువును యంత్రముగుండ నడచుచున్న కాలమున దాని స్వరూప మెరుగకుండుట క్షేమకరము గాదు.

మన మందరము చేతితో తాకిన యొక యంత్రమును దృష్టాంతముగా గైకొందము. అది ఓటు యంత్రము. మీటనొక్కు పెట్టె మన యభిప్రాయమును గ్రహించును. అధికారికడ నుండు పెట్టె దానిని దాచును. ప్రక్కనున్న వీవీప్యాటు చీటి నచ్చొత్తి 7 సెకనులపాటు అద్దములోనుండి చూపును. గ్రహించుట, చూపుట, దాచుట: ఏ కంప్యూటరునకైనను మనతోడి వ్యవహార మీ మూడే. లోపల గణించు భాగము వేరొకటి కలదు. అది తనకందిన దానిని గణించునేగాని, అందినది సత్యమా యసత్యమా యని విచారింపదు. ఓటు యంత్రములను నిర్మించు రెండు ప్రభుత్వ సంస్థలలో నొకటి 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఈ.సి.ఐ.ఎల్. టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించి విక్రయించినదియు నా సంస్థయే. కావున ఈ విద్య తెలుగువారికి పరాయిది గాదు.

మొదట గ్రహించు నంగములు. కీబోర్డు, మౌసు, స్కానరు, మైకు, కెమెరా, వేలిముద్ర యంత్రము ఈ తెగలోనివి. కీబోర్డుమీద మన తెలుగు ఎట్లెక్కునో చూడుడు. ‘పల్నాడు’ అనునది మన కంటికి మూడక్షరముల మాట. యంత్రమునకు ప, ల, పొల్లు, న, దీర్ఘము, డ, కొమ్ము అని 7 గుర్తులు. వాడుకలోనున్న యూనికోడు పద్ధతిలో గుర్తొకటికి 3 బైట్ల చొప్పున 21 బైట్లు. అందొక గుర్తు మారినను అది వేరు మాట. అట్లే పేరులో నొక యక్షరము తప్పిన వేరు మనుష్యుడు. సర్వే నంబరులో నొక యంకె తప్పిన వేరు పొలము.

వేలిముద్ర సంగతి మరింత యాలోచింపదగినది. ఏండ్ల తరబడి సున్నము, రాయి, పలుగు తాకిన వ్రేళ్లపై గీతలు అరిగిపోవును. యంత్రము వానిని గుర్తింపదు. అది యా కష్టజీవి దోషము గాదు. ఆధారు నమోదునందు పది వ్రేళ్లును, రెండు కనుపాపలును తీసికొనియున్నారు. కావున వేరొక వ్రేలు నుంచి చూడవచ్చును. సాధనమున్నచోట కనుపాపను చూపవచ్చును. ఇది తెలియని ముసలమ్మ వట్టి సంచితో మరలిపోవును. తెలిసిన పిల్లవా డొకడు ప్రక్కన నిలిచెనేని ఆమె బియ్య మామెకు దక్కును.

రెండవవి చూపు నంగములు: తెర, ప్రింటరు, మాటలు వినిపించు స్పీకరు. చేతిఫోను తెర మన వ్రేలిని గ్రహించును, అక్షరములను చూపును; ఒక్కటే రెండు పనులు చేయును. తెరమీద కనబడుటచేతనే యేదియు సత్యము గాదు. లోనికి పోయినదే వెలికి వచ్చును. కచేరీలలోను దుకాణములలోను తెర సాధారణముగ వ్రాయువానివైపు తిరిగియుండును. వేలిముద్ర వేయువాడు దానిని చూడనే చూడడు. మర్యాదగా, ‘అయ్యా, తెర యొకమారు ఇటు త్రిప్పుడు’ అని యడుగుట తప్పు గాదు. పేరు, తండ్రిపేరు, సర్వే నంబరు, విస్తీర్ణము చదివికొని, లేదా చదివించుకొని, పిమ్మటనే వ్రేలు నుంచవలయును. అచ్చుకాగితమును చేత పుచ్చుకొని మరల నొకసారి సరిచూచుకొనవలయును.

మూడవవి దాచు నంగములు. వీనిలో రామ్ అనునది పలకమీది బలపపు వ్రాత వంటిది. కరెంటు పోయిన తుడిచిపెట్టుకొనిపోవును. హార్డుడిస్కు, ఎస్.ఎస్.డి., పెన్‌డ్రైవులలోని వ్రాత కరెంటు పోయినను నిలుచును. మొదటిదానిలో నది అయస్కాంతపు గుర్తులుగను, తక్కినవానిలో విద్యుదావేశముగను ఉండును. 1956లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన తొలి డిస్కుయంత్రమున 50 పళ్లెరములుండెను. దాని బరువు టన్నునకు మించెను. అందు పట్టినవి 50 లక్షల యక్షరములు. నేడు చొక్కాజేబులో నిముడు టెరాబైటు డిస్కు దానికి సుమారు 2 లక్షల రెట్లు పట్టును.

పట్టు పెరిగినదిగాని ఆయువు పెరుగలేదు. మన పూర్వులు రాతిమీద చెక్కించిన శాసనములు శతాబ్దములు నిలిచినవి. డిస్కు చేయిజారి పడినను చెడును, వేసవి వేడికిని చెడును. దుమ్ము క్రమ్మి గాలిమర నిలిచినను యంత్రము కాగిపోవును. కరెంటు తగులక యేండ్ల తరబడి మూలబడిన పెన్‌డ్రైవులోని వ్రాత క్రమముగ మాసిపోవచ్చును. కావున ముఖ్యమైన కాగితములకు మూడు ప్రతులుండవలయును. అవి రెండు రకముల సాధనములపై నుండవలయును. వానిలో నొకటి వేరొక యూరిలో నుండవలయును. మరియొక హెచ్చరిక: ఆధారు, పాసుపుస్తకము, ధ్రువపత్రముల నకలు తీయించుకొను దుకాణమున పెన్‌డ్రైవును మరచి రాకుడు, అక్కడి కంప్యూటరులో మిగిలిన నకళ్లను తుడిపించి మరి రండు.

తుదకు మహాసభకు మా విన్నపములు మూడు. సంఘ విద్యార్థులకు, బాలురతో సమానముగ బాలికలకును, కంప్యూటరును విప్పి దాని యంగములను చేతితో పట్టి చూపు శిక్షణ నేర్పాటు చేయవలయును; చెడిపోయిన పాత యంత్రమైనను ఆ పనికి చాలును. నరసరావుపేట, మాచర్ల, గురజాలలలో సంఘము తరపున నొక స్కానరును, రెండు డిస్కులను ఉంచి, కోరిన కుటుంబముల కాగితములకు నకళ్లు తీసి యిచ్చి, వానిని వారి యధీనముననే యుంచవలయును. ఊరికి ఇద్దరు చదువుకొన్న యువతీయువకులు వారమున కొకపూట, చదువురాని పెద్దలతో కచేరీకి వెళ్లి, తెరమీది వ్రాతను వారికి బిగ్గరగా చదివి వినిపింపవలయును.

మొదటి రెంటికిని ధనము కావలయును; ఉదారులగు పోషకులు మా సభలో కొరతపడరు. మూడవదానికి ధన మక్కరలేదు; అక్షరము వచ్చినవాడు రానివాని ప్రక్కన నిలుచుటయే చాలును. 2022 ఏప్రిలు 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాయై, నరసరావుపేట ముఖ్యపట్టణమాయెను. కచేరీలు మనకు దాపునకు వచ్చినవి. వానిలోని తెరలు కూడ మనకు కనబడు దినము త్వరలో వచ్చుగాక!