మా పేర్లు మేమే రాసుకున్న ఏడేళ్ళు
(జమ్మలమడుగులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే మమ్మల్ని రచయితలని పరిచయం చేశారు. ఆ మాట వినగానే మాలో ఇద్దరు తల దించుకున్నారు. మేము 11 మందిమి. ప్రొద్దుటూరు వారు ఐదుగురు, జమ్మలమడుగు వారు నలుగురు, పులివెందుల వారు ఇద్దరు. ఒకరు దర్జీ, ఒకరు నాపరాళ్ళ పాలిష్ యంత్రం దగ్గర పనిచేస్తారు, ఒకరు బంగారు అంగట్లో గుమాస్తా, ఒకరు ఆటో నడుపుతారు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక డిగ్రీ విద్యార్థి, మిగిలిన నలుగురు ఇల్లు నడిపే ఆడవారు. రాత వల్ల మాలో ఎవరికీ ఒక్క రూపాయి రాలేదు. పోయినది మాత్రం ఉంది, జిరాక్సు అంగడి లెక్కల్లో. రెండు నెలలకొకసారి 16 పేజీల సంచికను చేత్తో రాసి, 60 ప్రతులు తీయించి, మూడు ఊళ్ళలో పంచుతూ ఏడేళ్ళు గడిపాము. ఏమి సాధించారో, ఏమి కష్టపడ్డారో చెప్పండని నిర్వాహకులు అడిగారు. సాధించినది త్వరగా చెప్పవచ్చు. తప్పినవి చెప్పడానికే సమయం కావాలి.

మొదటి రెండేళ్ళు మేము రాసినవన్నీ జవాబులే. ఎక్కడో ఎవరో మన గురించి ఒక మాట అంటారు. అంగడి మూసి వచ్చి, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, ఆ మాటకు సమాధానం రాసేవారము. మేము ఈ దేశానికి ఏమి చేశామో, ఎవరెవరు జైళ్ళకు వెళ్ళారో, మా మతం ఏమి చెబుతుందో రాసేవారము. రాసినంతసేపు గొప్పగా ఉండేది. అయితే ఆ మాట అన్నవారి చేతికి మా సంచిక ఎన్నడూ చేరలేదు. చేరిన మనవారికి అందులో కొత్త సంగతి ఏమీ లేదు. ఒకనాడు ఇదే జమ్మలమడుగులో, టీ అంగడి దగ్గర, ఒక పెద్దాయన సంచికను మొదటినుంచి చివరిదాకా తిరగేసి, “అంతా బాగుంది నాయనా, మన వీధి మాత్రం ఎక్కడా కనపడలేదే?” అన్నారు. మాకు కోపం వచ్చింది. బస్సు ఎక్కి ప్రొద్దుటూరు చేరేలోగా ఆ కోపం సిగ్గుగా మారింది.

మన వీధిని రాయవచ్చునని మాకు తెలియకపోలేదు. ఖాదర్ మొహియుద్దీన్ గారి ‘పుట్టుమచ్చ’ 1991లోనే వచ్చింది. స్కైబాబా గారి సంపాదకత్వంలో 1998లో ‘జల్‌జలా’ కవిత్వ సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చాయి. పులివెందులకు పక్కనే ఉన్న వేంపల్లె పేరును తన పేరులో కలుపుకున్న వేంపల్లె షరీఫ్ గారికి ‘జుమ్మా’ కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. ఆ పుస్తకాలు మా దగ్గర ఉన్నాయి, చదివాము, మెచ్చుకున్నాము. మెచ్చుకున్న తరువాత మళ్ళీ వెళ్ళి జవాబులే రాశాము. చదివినదానికీ చేసేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మమ్మల్ని చూసి తెలుసుకోవచ్చు.

భాష మరొక కష్టం. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, కాగితం మీద ఏదో మూడవ భాష. మాలో దూదేకుల కుటుంబాలవారికి ఇంట్లోనూ తెలుగే. కాబట్టి వారికి ఈ బాధ లేదనుకున్నాము, అదీ తప్పే. వారి ఇంటి తెలుగు కూడా బడి తెలుగు కాదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక, తప్పు పోతుందన్న భయంతో, నోటికి వచ్చే మాటను వదిలి పత్రికల్లో కనిపించే మాటను ఎక్కించేవారము. ఒక దినపత్రికకు పంపిన చిన్న కథలో ‘చాచా’ అని రాస్తే ‘బాబాయి’ అని దిద్ది అచ్చువేశారు. కథలో ఆయన నమాజు నుంచి వచ్చి కూర్చునేసరికి పాఠకులకు ఇల్లెవరిదో అర్థం కాలేదు.

మా సంచికలో మేమే చేసుకున్న పొరపాటు ఇంకా విచిత్రమైనది. లారీ నడిపే తండ్రిని గురించి మా మిత్రుడు ‘అబ్బా’ అని రాశాడు. రాతప్రతి ఎత్తి రాసినవారు దీర్ఘం తీసేసి ‘అబ్బ’ చేశారు. మన సీమలో అబ్బ అంటే తాత కదా! పులివెందుల నుంచి ఒక అవ్వ కబురు పంపింది: “ఆ వయసులో ముసలాయన చేత లారీ నడిపిస్తున్నారే, కొడుకులు ఏమయ్యారు?” అప్పటినుంచి మా ఇంటి మాటలను మా ఇంటి మాటలుగానే ఉంచి, అవసరమైనచోట కథలోనే అర్థమయ్యేలా రాస్తున్నాము. ప్రొద్దుటూరుకు దగ్గరలోని కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. తెలుగును మొదట రాతిమీద చెక్కించుకున్న నేల ఇది. ఈ నేలమీద పుట్టినవారము తెలుగు రాయడానికి ఎవరి అనుమతీ కోరనక్కరలేదని మా ఉపాధ్యాయ మిత్రులు తరచుగా అంటారు. వినడానికి ధైర్యంగా ఉంటుంది. ఒత్తులు మాత్రం ఇప్పటికీ తప్పుతున్నాయి.

ఇక మాకు దారి చూపిన సంచిక సంగతి. పాలిష్ పని చేసే మా సోదరుని కూతురికి ఉపకారవేతనం ఆగిపోయింది. కారణం పేరు. బడి రికార్డులో షేక్ అన్న మాటకు ఆంగ్లంలో చివర ‘హెచ్’ లేదు, ఆధార్‌లో ఉంది, రేషన్ కార్డులో రెండు పొడి అక్షరాలే ఉన్నాయి. తల్లి పేరు ఒకచోట బీ, ఒకచోట బేగం. మనిషి ఒక్కతే, కాగితాల్లో ముగ్గురు. ఇది ఒక్క ఇంటి కథ కాదని మనందరికీ తెలుసు. మేము ఆ సంచికలో వాదన ఏమీ చేయలేదు. నాలుగు ఇళ్ళకు వెళ్ళి, ఒక్కొక్క కాగితంలో పేరు ఎలా ఉందో, దానివల్ల ఎన్నిసార్లు కూలి పోగొట్టుకొని తిరిగారో అలాగే రాశాము. పదవ తరగతి పరీక్షకు పేర్ల జాబితా వెళ్ళకముందే బడి రికార్డులో సరిచేయించుకోవాలని, ఆ తరువాత కష్టమని కింద చేర్చాము. 60 ప్రతులు వారంలో అయిపోయాయి. మళ్ళీ 200 తీయించాము.

ఆ సంచికలోనే ఒక తప్పు కూడా ఉంది. నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయిస్తే అన్నిచోట్లా చాలునని ఎవరో చెప్పినది నమ్మి రాశాము. అది చదివి ఒకాయన ఖర్చుపెట్టి, పని కాక, ఆ ప్రమాణపత్రం పట్టుకొని మా దర్జీ మిత్రుని అంగడి ముందు నిలబడ్డాడు. తిట్టలేదు, “మీరు రాశారని చేశాను భాయ్” అన్నాడంతే. జవాబులు రాసిన రోజుల్లో మా తప్పుల వల్ల నష్టపోయినవారు లేరు, ఎందుకంటే ఎవరూ నమ్మి చదవలేదు. తరువాతి సంచిక మొదటి పేజీలో సవరణ వేశాము, ఆయన ఖర్చును తలా కొంత వేసుకొని ఇచ్చాము. ఇప్పుడు కాగితాల సంగతి ఏది రాసినా, ఆ పని చేయించుకున్న ఇద్దరిని అడగనిదే రాయము.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కడపలో ‘సాహిత్యనేత్రం’ పత్రికను నడిపిన శశిశ్రీ గారి అసలు పేరు షేక్ బేపారి రహంతుల్లా. కలం పేరు ఆయన ఎంచుకున్నది. మాలోని ఆడవారిలో ఒకరు మూడేళ్ళు తన కొడుకు పేరుతో రాశారు. అది ఎంపిక కాదు. ఈ రెండింటినీ ఒకటిగా చూడవద్దని కోరుతున్నాము.

ఆమె సంగతే చివరగా చెప్పాలి. తన చెల్లెలి పెళ్ళిలో జోడా డబ్బుల దగ్గర జరిగినదంతా ఆమె కథగా రాశారు. పేర్లు మార్చారు, ఊరు మార్చారు. అయినా ఇంట్లోవారు గుర్తుపట్టారు. గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు? పెళ్ళిలో విరిగిన పీట దాకా కథలో ఉంది. చెల్లెలు ఎనిమిది నెలలు మాట్లాడలేదు. “బయటివారు మనల్ని అంటున్నది చాలదా, మీరు కూడా మొదలుపెట్టారా?” అని పెద్దలు మమ్మల్ని అడిగారు. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. మన లోపాలను మనమే రాస్తే వాటిని ఎవరు ఎలా వాడుకుంటారో మాకూ తెలుసు. కానీ కట్నం ఇచ్చుకోలేక ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రికి, బయటివారి మాటా ఇంటివారి మౌనమూ రెండూ భారమే. ఈ విషయంలో మాలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి, దాచము. చివరకు ఒక నియమం పెట్టుకున్నాము. ఎవరి ఇంటి కథ రాస్తే ఆ ఇంట్లో ముందు చదివి వినిపించాలి, వారు ఒప్పుకుంటేనే సంచికలోకి రావాలి. దీనివల్ల మంచి రచనలు నాలుగైదు పోయాయి. డిగ్రీ చదివే మా తమ్ముడు ఈ నియమం పిరికితనమంటాడు. కావచ్చు.

ఇప్పుడు ఆమె తన పేరుతోనే రాస్తున్నారు. మొన్న రంజానుకు ముందు అక్కాచెల్లెళ్ళు మళ్ళీ కలిశారు. ఇఫ్తార్ అయిన తరువాత చెల్లెలే అడిగి ఆ కథను రెండవసారి చదివించుకుందట. పీట విరిగినచోట నవ్విందట. మామగారి మాటలు వచ్చినచోట లేచి వంటింట్లోకి వెళ్ళిందట. ఒప్పుకున్నానని అనలేదు, వద్దనీ అనలేదు. రాబోయే సంచికలో ఆ మూడు పేజీలను ఖాళీగా ఉంచాము. జిరాక్సుకు ఇవ్వడానికి ఇంకా పదిరోజులు ఉంది.