పేరు చూసి పద్దు



రిటైరయ్యాక ఇంటి లెక్కలు లినక్స్ లాప్‌టాప్‌లో రాస్తున్నాను. నా ఖర్చులకో షీటు, అమ్మ పింఛనుకో షీటు. రెండూ తెరిచి ఆల్ట్, ట్యాబ్ నొక్కితే రెండో షీటుకు బదులు బ్రౌజరు వచ్చేది. ఆ తికమకలో ఒక పద్దు తప్పుపడింది. తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నయ్యా, అమ్మ లెక్కలో నీ స్కూటర్ రిపేరేమిటి?" తల కొట్టేసినట్టయింది.

గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఆ మీటలు మామూలుగా అప్లికేషన్లను మారుస్తాయి, విడివిడి విండోలను కాదు. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, షార్ట్‌కట్లు, నావిగేషన్ తెరిచి, 'స్విచ్ విండోస్' దగ్గర ఆల్ట్, ట్యాబ్ నొక్కి, 'రీప్లేస్' అన్నాను. ఇప్పుడు షీటు నుంచి షీటుకే వెళ్తోంది.

అయినా, కౌంటర్లో పాస్‌బుక్ మీద పేరు చూశాకే పద్దు వేసేవాళ్లం కదా! తెర మీదా అదే అలవాటు ఉంచుకుందాం.