అంగుళీస్పర్శయు శ్రోణిజ్ఞానమును



శవచ్ఛేదనశాలలో చర్మమును, క్రొవ్వును తొలగించి చూచినపుడు కరతలామలకమైన శ్రోణి, సజీవుడగు రోగి ఎదుట నిలిచినంతనే అపరిచితమై తోచుట మీలో అనేకులకు అనుభవమే. అచట కన్ను చూచినదానిని ఇచట వ్రేలు కనుగొనవలయును. వ్రేలు వెదకును, నిర్ధారించునది మాత్రము రోగి కదలిక. నేటి నా ప్రసంగమునకు ఇదియే సారము.

నడుముపై చేతులుంచి నిలుచున్నవాని చేతికి తగులునది తుంటియెముక పైయంచు, అనగా ఇలియాక్ క్రెస్ట్. ఇరుప్రక్కల దాని శిఖరములను కలుపుచు వీపుమీదుగా గీత గీసితిమేని, అది నాలుగవ కటికశేరువు మీదుగా గాని, దాని క్రింది సందు మీదుగా గాని పోవును. వెన్నులో సూది గ్రుచ్చు వైద్యులకు ఆ గీతయే ఆధారము. అయినను స్థూలకాయులయందు క్రొవ్వుపొర అడ్డుపడి చేతిని అసలు అంచుకంటె పైననే ఆపివేయును గావున, గట్టిదనము తగులువఱకు మెల్లగా లోనికి నొక్కుచు దిగవలయును. ఆ యంచునే ముందునకు అనుసరించినచో ముందరి మొన చేతికందును. వెనుకకు పోయినచో నడుము దిగువనున్న రెండు సొట్టల క్రింద, రెండవ త్రికకశేరువు మట్టమున, వెనుకటి మొన దొరకును.

తక్కిన ఎముకలు ఇంత సులభముగా లొంగవు. తుంటియంచునకు ఇంచుమించు బెత్తెడు దిగువ, ప్రక్కభాగమున, తొడయెముక బుడిపె యగు గ్రేటర్ ట్రోకాంటర్ కలదు. వ్రేళ్ల నచట నుంచి కాలిని లోనికిని వెలుపలికిని త్రిప్పుమన్నచో, ఆ బుడిపె వ్రేళ్లక్రింద దొర్లి తన్ను తానే తెలుపుకొనును. కూర్చొన్నపుడు మన భారమును వహించు ఆసనాస్థి నిలుచున్నపుడు పిరుదుకండరముచే కప్పబడియుండి, తొడను ముడిచినంతనే ఆ కండరము పైకి జరుగుటచే స్పర్శకు గోచరమగును. తొడను కొంత ముడిచి, ముందరి మొననుండి ఆసనాస్థివఱకు ఊహించు గీతకు పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు నెలటోన్ పేరు నిలిచినది. ట్రోకాంటర్ కొన ఆ గీతకు పైన దొరకెనేని, కీలు తప్పినదో, తొడయెముక మెడ విరిగినదో అని శంకింపవలయును.

కండరముల విషయమున కదలిక మరింత ఆవశ్యకము. బాసింపట్టు వేయబోవువానివలె తొడను ముడిచి వెలుపలికి త్రిప్పుమన్నచో, ముందరి మొననుండి లోతొడవైపునకు ఏటవాలుగా సార్టోరియస్ అను కండరము పొంగును. ఒంటికాలిపై నిలువుమన్నచో, ఆ ప్రక్క తుంటియంచు దిగువ గ్లూటియస్ మీడియస్ బిగియును. అది బలహీనమైనపుడు, ఎత్తిన కాలివైపు శ్రోణి క్రిందికి వ్రాలునని జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించెను.

ఈ జ్ఞానము పాండిత్యప్రకర్షకు కాదు. ఆసనాస్థికిని ట్రోకాంటర్‌కును నడుమ, పిరుదుకండరము క్రింద, సయాటిక్ నరము దిగుచున్నది. అజాగ్రత్తగా పిరుదున గ్రుచ్చిన సూది దానిని గాయపఱచినచో, పాదము పైకి లేవక వ్రేలాడును. ఈ ప్రమాదమును తప్పించుటకే హోక్‌స్టెటర్ అను వైద్యుడు 1950ల దశకమున వేఱొక మార్గము చూపెను: రోగి కుడితుంటికి మన యెడమచేయి, అరచేయి ట్రోకాంటర్‌పై, చూపుడువ్రేలు ముందరి మొనపై, నడిమివ్రేలు తుంటియంచు వెంబడి వెనుకకు చాపి, ఆ రెండు వ్రేళ్ల నడుమ సూది గ్రుచ్చవలయును. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములలో, అనగా ఆయువుపట్లలో, వీపునకు చెందినవి 14; వానిలో కుకుందరము దెబ్బతిన్నచో అధఃకాయమున స్పర్శయు చేష్టయు నశించునని ఆతడు హెచ్చరించెను. చేయి వేయుచోటు తెలియవలెననెడు చింత మన వైద్యమునకు క్రొత్తది కాదు.

ఇది దేహమున మిక్కిలి గోప్యమైన భాగము. కావున చేయి వేయుటకు ముందు, ఎచట, ఎందులకు తాకెదరో చెప్పి రోగి సమ్మతి గొనుడు. వలసినంతమేరకే వస్త్రము తొలగింపుడు. స్త్రీలను పరీక్షించునపుడు మరియొక స్త్రీని తోడుంచుకొనుడు. భయమున బిగిసిన కండరము క్రింద ఎముక దొరకదు గదా! మర్యాద ఇచట నీతియే కాక నైపుణ్యము కూడ. ఇంతయు చేసిన పిదపనైనను సందేహము మిగిలినచో, ఊహతో సూది గ్రుచ్చకుడు. కాలు కదల్పుమని రోగిని మరల అడుగుడు.