చూసిన పోలీసు నోరు విప్పాలంటే



ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్ స్మృతిలో నాలుగు మాటలు చెప్పడానికి మీ ముందు నిలబడ్డాను. 1986 ఏప్రిల్ 27న కన్నుమూసిన ఆయన్ని లోకం ఎగిరే పళ్లేల ప్రొఫెసరుగా గుర్తుపెట్టుకుంది. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని వేరే ఉంది. నలుగురూ నవ్వుతారన్న భయంతో పోలీసులు కడుపులో దాచుకున్న మాటను వినడానికి ఆయన ఒక ఏర్పాటు చేశాడు.

ఎగిరే పళ్లేల ఉదంతాల విచారణకు అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 దాకా నడిపిన ప్రాజెక్ట్ బ్లూ బుక్‌కు హైనెక్ శాస్త్ర సలహాదారు. అందులో చేరిన ఉదంతాలు 12,618. చివరిదాకా తేలనివి 701. వాటిలో ఒకటి న్యూమెక్సికోలోని సొకోరోలో జరిగింది. 1964 ఏప్రిల్ 24 సాయంత్రం లోనీ జమోరా అనే పోలీసు, వేగంగా పోతున్న కారును తరుముతూ ఊరి బయటికి వెళ్లాడు. ఉరుములాంటి చప్పుడు, మంట. దగ్గరికి పోతే ఎండిపోయిన వాగులో గుడ్డు ఆకారంలో తెల్లటి వస్తువు. అది మళ్లీ గర్జించేసరికి పరుగెత్తబోయి తన కారుకే గుద్దుకున్నాడు, కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. రేడియోలో పిలిస్తే వచ్చిన సహచరుడికి కాలిన పొదలు, నేలలో దిగిన గుంటలు కనిపించాయి. హైనెక్ స్వయంగా వెళ్లి మాట్లాడి, ఈ మనిషి అబద్ధమాడటం లేదని నమ్మాడు. జమోరా ఆ తర్వాత పోలీసు ఉద్యోగం వదిలి పెట్రోలు బంకు నడుపుకున్నాడు.

అంతకంటే బాధ కలిగించేది డేల్ స్పార్ కథ. 1966 ఏప్రిల్ 17 తెల్లవారుజామున ఒహాయోలోని పోర్టేజ్ కౌంటీ డిప్యూటీ షెరీఫ్ స్పార్, తన తోటివాడితో కలిసి రోడ్డు పక్కన వదిలేసిన కారును చూడటానికి దిగాడు. వాళ్లు చెప్పిన ప్రకారం చెట్ల మీదుగా ఒక వెలుగు లేచి, చుట్టుపక్కలంతా పట్టపగలైంది. ఇద్దరూ దాని వెంటపడ్డారు. గంటకు 100 మైళ్లు దాటిన వేగంతో, 80 మైళ్లకు పైగా, రాష్ట్రం సరిహద్దు దాటి పెన్సిల్వేనియాలోకి పోయారు. దారిలో వేరే ఊళ్ల పోలీసులూ దాన్ని చూశామన్నారు. ముందు ఉపగ్రహాన్ని, ఆ తర్వాత శుక్రగ్రహాన్ని చూశారని వైమానిక దళం తేల్చేసింది. ఆ వేకువన తూర్పున శుక్రుడు వెలుగుతున్న మాట నిజమే. శుక్రుడు ఎంతటి వాళ్లనైనా భ్రమపెట్టగలడు, పోలీసైనా అందుకు మినహాయింపు కాదు. ఆ జవాబు తప్పని నేననను. కానీ దాన్ని విచారించి చెప్పినట్టు లేదు, వదిలించుకున్నట్టు ఉంది. ఈలోగా స్పార్ పేరు పత్రికలకెక్కింది. కొన్ని నెలల్లో ఉద్యోగం పోయింది, కాపురం చెదిరింది. ఆ కౌంటీలో తర్వాత ఇంకెవరికైనా వింత వెలుగు కనిపించి ఉంటే, డ్యూటీ డైరీలో రాస్తాడా?

అవహేళన ఎలా ఉంటుందో హైనెక్‌కూ తెలుసు. స్పార్ ఉదంతానికి సరిగ్గా ముందు నెలలోనే మిషిగన్‌లో కనిపించిన వెలుగులకు చిత్తడినేలల్లో పుట్టే వాయువు కారణం కావచ్చన్నందుకు దేశమంతా ఆయన్ని చూసి నవ్వింది. 1973లో సెంటర్ ఫర్ యుఎఫ్ఓ స్టడీస్ స్థాపించాక, పోలీసుల కోసం ఒక టోల్‌ఫ్రీ నంబరు పెట్టించాడు. చూసిన గంటలోనే చెబితే దిక్కు, ఎత్తు, వేళ సరిగ్గా గుర్తుంటాయి. నక్షత్రాల పటంతో సరిచూడటం అప్పుడే కుదురుతుంది. పరువు పోతుందన్న భయంతో ఏళ్ల తర్వాత బయటపెట్టిన మాటతో ఖగోళ శాస్త్రవేత్త చేయగలిగింది తక్కువ.

బ్రిటన్‌లో ఈ పనికి ఒక పోలీసే పూనుకున్నాడు. బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులో డిటెక్టివ్‌గా ఉన్న గ్యారీ హెసెల్టైన్ 2002లో, ఉద్యోగంలో ఉన్న పోలీసులూ రిటైరైనవాళ్లూ తాము చూసినవాటిని గోప్యంగా చెప్పుకునేందుకు ఒక డేటాబేస్ మొదలుపెట్టాడు. పోలీసు మనిషి సాటి పోలీసు మనిషికి చెప్పుకునే చనువు అక్కడ దొరికింది.

ఫ్రాన్స్ దీన్ని ప్రభుత్వ బాధ్యతగానే తీసుకుంది. 1977లో తన అంతరిక్ష సంస్థలో ఇందుకోసం ఒక విభాగం పెట్టింది. వాంగ్మూలాలు రాసుకునేది అక్కడి జాందార్మ్‌లు, అంటే పల్లె ప్రాంతాల్ని చూసుకునే పోలీసులు. 1981 జనవరిలో ట్రాన్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఒకాయన తోటలో ఏదో దిగిందంటే, వాళ్లు వెళ్లి మట్టి సేకరించారు, అది ప్రయోగశాలకు చేరింది. 2007 నుంచి ఆ ఫైళ్లు సాక్షుల పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో ఉంచుతున్నారు. శుక్రుడని తేలినవీ, ఇంకా తేలనివీ అక్కడ ఒకే వరసలో ఉన్నాయి.