పొలుసు ఉందా? రెక్క ఉందా?

చేపల బజారులో మనం మొప్ప ఎత్తి చూస్తాం. ఎర్రగా ఉంటే తాజా చేప. ఆచారం పాటించే యూదు ఇల్లాలు ఇంకొకటి కూడా చూస్తుంది. పొలుసు ఉందా? రెక్క ఉందా? రెండూ ఉంటేనే ఆ చేప కోషర్. అంటే, వాళ్ల ధర్మం ఒప్పుకున్న తిండి.

ఈ లెక్కన మన కొర్రమీను పనికొస్తుంది. వాలుగ పనికిరాదు, దానికి పొలుసు లేదు. రొయ్య, పీత అసలే కూడదు. మరి స్వోర్డ్ ఫిష్? పిల్లగా ఉన్నప్పుడు పొలుసు ఉంటుంది, పెరిగాక పోతుంది. దాని మీద రబ్బీల మధ్యే వాదన ఉంది. రబ్బీ అంటే మతగురువు. అనుమానం వస్తే ఆయన్నే అడుగుతారు. అలా అడగడం నామోషీ కాదు, అదీ ఆచారమే.

అసలు పట్టింపంతా మాంసం, పాలు కలవకూడదన్న దగ్గర ఉంది. మేకపిల్లను తల్లిపాలలో వండరాదని వాళ్ల పవిత్ర గ్రంథం తోరాలో 3 చోట్ల ఉంది. అందుకే గిన్నెలు వేరు, గరిటెలు వేరు. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది 6 గంటలు ఆగుతారు. డచ్ యూదులకు ఒక్క గంట చాలు. మన మడి వంటిళ్లు గుర్తొస్తున్నాయా? నాకూ గుర్తొచ్చాయి. కోడిని వాళ్ల పద్ధతిలోనే కోసినా, పెరుగు పట్టించిన మన బిర్యానీ మాత్రం కూడదు!

ఇక ప్యాకెట్ సరుకు. సున్నా లోపల ఇంగ్లీషు యూ అక్షరం ఉంటే కోషర్ తనిఖీ అయినట్టు. పక్కన డీ ఉంటే పాల సరుకు.

మీ ఇంటికి యూదు స్నేహితులు వస్తున్నారా? కోయని పండ్లు పెట్టండి. మిగతాది ముందే వాళ్లనే అడగండి.